75 వేల డాలర్ల లెక్క పూర్తిగా చెప్పండి

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో డబ్బు, ఆనందం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఏడాది ఆదాయం 75 వేల డాలర్లు దాటాక సంతోషం పెరగదని అమెరికా పరిశోధకులు తేల్చారట, కాబట్టి ఉన్నదాంట్లో తృప్తిపడటమే మేలట. వాట్సాప్‌లోనూ వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లోనూ ఏళ్ళ తరబడి తిరుగుతున్న మాటే ఇది. పత్రికలోకి వచ్చేటప్పుడైనా మిగతా సగం కూడా రావాలి కదా.

ఆ అంకె 2010 నాటిది. డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ అనే పరిశోధకులు కలిసి, గ్యాలప్ సంస్థ అమెరికాలో చేసిన సర్వేలోని దాదాపు 4.5 లక్షల జవాబులు చూసి చెప్పారు. అందులో ప్రశ్నలు రెండు రకాలు. నిన్న ఎలా గడిచింది, నవ్వారా, దిగులుపడ్డారా అన్నది ఒకటి. మొత్తం మీద మీ జీవితం ఏ మెట్టు మీద ఉందనుకుంటున్నారు అన్నది రెండోది. 75 వేల దగ్గర ఆగింది మొదటిది మాత్రమే. రెండోది ఆదాయంతోపాటు పెరుగుతూనే పోయింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళను అనారోగ్యం, విడాకులు, ఒంటరితనం మరింత బాధపెడతాయని కూడా అదే పరిశోధనా పత్రంలో ఉంది. ఈ ముక్క ఏ క్లాసులోనూ చెప్పరు!

ఆగిందన్న ఆ మొదటిది కూడా తర్వాత నిలబడలేదు. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే మరో పరిశోధకుడు 33 వేల మందికి పైగా ఉద్యోగులను ఫోన్ యాప్ ద్వారా "ఇప్పుడు మనసెలా ఉంది" అని పదేపదే అడిగి, 75 వేల పైన కూడా సంతోషం పెరుగుతోందని 2021లో ప్రకటించారు. అప్పటికే నోబెల్ అందుకున్న కానమన్ పంతానికి పోలేదు. కిల్లింగ్స్‌వర్త్‌తోనే కలిసి, బార్బరా మెల్లర్స్ అనే పరిశోధకురాలిని మధ్యవర్తిగా పెట్టుకుని లెక్కలు మళ్ళీ చూశారు. 2023లో ముగ్గురి పేరుతో వచ్చిన ఫలితం ఇదీ: ఎక్కువమందికి ఆదాయం పెరిగేకొద్దీ సంతోషం పెరుగుతూనే ఉంటుంది. అందరికన్నా దిగులుగా ఉండే సుమారు 20 శాతం మందికి మాత్రం లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది. అయినవాళ్ళను పోగొట్టుకున్న దుఃఖానికీ, డిప్రెషన్‌కూ అంతకు మించి డబ్బు మందు కాదన్నమాట. ఇది మనకూ తెలుసు.

75 వేల డాలర్లంటే మారకం రేటు ప్రకారం ఏడాదికి 60 లక్షలు దాటుతుంది. ధరల తేడా సర్దినా పది లక్షలకు తగ్గదు. అంత సంపాదించేవాళ్ళకు చెప్పాల్సిన మాటను తెచ్చి, నెలకు 15 వేలతో ఇల్లు నడిపేవాళ్ళకు చెబుతున్నాం. నిజానికి ఈ పరిశోధనల్లో పెరుగుదలను చూసేది రూపాయల్లో కాదు, రెట్లలో. 15 వేలు 30 వేలైతే ఎంత తేడా వస్తుందో, ఒకటిన్నర లక్ష మూడు లక్షలైతే సుమారు అంతే వస్తుంది. అంటే అదే 15 వేలు కింద ఉన్నవాడికి ఇస్తే జీవితం మారుతుంది, పైనున్నవాడికి ఇస్తే సంగతి గుర్తు కూడా ఉండదు.

మనవాళ్ళు గిరి ప్రదక్షిణకు వెళ్ళే తిరువణ్ణామలై జిల్లాలోనూ, పక్కనున్న విళుప్పురంలోనూ 464 మంది చెరకు రైతులకు ఆలోచనా శక్తిని చూసే కొన్ని పరీక్షలు పెట్టారు. 2013లో వచ్చిన ఆ అధ్యయనంలో, చేతిలో డబ్బు ఆడని కోతల ముందు కన్నా కోతల తర్వాత అదే రైతు మెరుగ్గా జవాబులిచ్చాడు. డబ్బు టెన్షన్ బుర్రలో చోటంతా ఆక్రమిస్తుందని పరిశోధకుల వివరణ. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని మన పెద్దలు ఊరికే అనలేదు.

దేశాల సంగతి వేరు. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్, దేశం సంపన్నమైనంత మాత్రాన జనం సగటు సంతోషం పెరగదన్నారు. దానిపై ఆర్థికవేత్తలు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు. అయితే మనిషి పక్కవాడితో పోల్చుకుంటాడన్న మాట మాత్రం కొట్టిపారేయలేం. కాలిఫోర్నియా యూనివర్సిటీ సిబ్బందికి తోటివాళ్ళ జీతాలు చూసే వెబ్‌సైట్ గురించి చెబితే, తక్కువ జీతం వాళ్ళలో అసంతృప్తి పెరిగింది. ఎక్కువ జీతం వాళ్ళకు సంతోషమేమీ పెరగలేదు. మన ప్రభుత్వ ఆఫీసుల్లో దీనికి వెబ్‌సైట్ అక్కర్లేదు. ఒకే గదిలో, పక్క కుర్చీల్లో, ఒకే పని చేసే రెగ్యులర్ ఉద్యోగికీ ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికీ జీతాల్లో తేడా ఎంతో అందరికీ తెలుసు. ఆ తక్కువ జీతం కూడా నెలల తరబడి ఆగిందన్న వార్తలు మీ జిల్లా పేజీల్లోనే వస్తుంటాయి.

2018 ఏప్రిల్‌లో అమరావతి ప్రాంతంలో హ్యాపీ సిటీస్ సమ్మిట్ పెట్టారు. ప్రజల ఆనందాన్ని కొలవాలన్న మాట అప్పట్లో బాగా వినిపించింది. కొలవడం మంచిదే. మళ్ళీ ఎవరైనా కొలవదలిస్తే, ప్రశ్నల జాబితాలో "మీ జీతం ఏ తారీఖున పడుతోంది" అన్నది కూడా చేర్చాలని నా సూచన. ప్రభుత్వం చేర్చేదాకా ఆగక్కర్లేదు. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి ఏ శాఖలో ఎన్ని నెలల జీతం బాకీ ఉందో ప్రతి నెలా మీ జిల్లా పేజీలో ఒక చిన్న పట్టికగా వేయండి. ఆదివారం వ్యాసానికి ఒక సవరణ కూడా వేస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్,
తెనాలి