నాలుగో స్థానంలో వచ్చిన నవ్వు

సంపాదకునికి,

పతకాల పట్టికలో నాలుగో పేరు ఉండదు, అందుకే ఈ ఉత్తరం. 2024 జులై 29న పారిస్ ఒలింపిక్స్ మహిళల 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఫైనల్లో దక్షిణాఫ్రికా స్విమ్మర్ తత్యానా స్మిత్ నిమిషం 5.28 సెకన్లకు గోడ తాకి స్వర్ణం గెలిచింది. రజతం చైనాకు. ఐర్లండ్ అమ్మాయి మోనా మెక్‌షారీ 5.59తో కాంస్యం పట్టుకుపోతే, ఇటలీకి చెందిన బెనెదెత్తా పిలాతో 5.60తో ఆగిపోయింది. సెకనులో నూరో వంతు! కనురెప్ప వేసినా అంతకంటే ఎక్కువే పడుతుంది.

పిలాతో ఏడ్చింది, కానీ ఆనందంతో. 17 ఏళ్లకే ఇదే పోటీలో ప్రపంచ చాంపియన్ అయిన పిల్ల నాలుగో స్థానానికి మురిసిపోవడమేమిటని ఇటలీ టీవీలో ఒక మాజీ ఫెన్సింగ్ విజేత తప్పుపట్టి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. మనమూ తక్కువేం కాదు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష సరిగ్గా ఇంతే తేడాతో కాంస్యం పోగొట్టుకుంటే, ఇప్పటికీ అయ్యో అనుకుంటూనే ఉన్నాం.

మీ క్రీడా పేజీలో ఇకపై ఫైనల్ చేరిన ఎనిమిది మంది సమయాలూ వేయండి. నాలుగు లైన్ల చోటు చాలు.

- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం