బిజినెస్ ప్లాన్ కన్నా ముందు రెండు సంచులు

సంపాదకులకు నమస్కారం.

విదేశాలకు వెళ్లి చిరు వ్యాపారులకు స్వచ్ఛందంగా పాఠాలు చెప్పాలనుకునేవారికి అందే సలహాలు చాలావరకు వీసా, టీకాలు, సామాను దగ్గరే ఆగిపోతున్నాయి. అక్కడికి చేరాక ఏం నేర్పాలన్న అసలు సంగతి గురించి, ఈ పని ఎరిగినవాళ్లుగా కొన్ని మాటలు రాస్తున్నాం.

చాలామంది మొదటి క్లాసులోనే బిజినెస్ ప్లాన్ రాయిస్తారు. ఇరవై పేజీల నమూనా, ఐదేళ్ల అంచనాలు. అది బ్యాంకు అప్పు కోసం పుట్టిన కాగితం. ఈ రోజు అమ్మకంతో రేపటి సరుకు కొనుక్కునే మనిషికి దానితో పని లేదు. ఆ మనిషికి ముందు తేలాల్సింది ఒక్కటే: నిన్న మిగిలిందా, పోయిందా?

సబ్బులు చేసి అమ్మే ఒకామె లెక్క చూడండి. ఏ దేశపు డబ్బయినా అనుకోండి. 50 సబ్బులకు ముడిసరుకు 600 అయింది. ఒక్కోటి 15 చొప్పున అమ్మితే 750, కాబట్టి 150 మిగిలిందని ఆమె అనుకుంటుంది. ఇప్పుడు ఒక్కొక్కటే అడగండి. 4 సబ్బులు విరిగాయి, అమ్మింది 46, రావాల్సింది 690. సంతకు రానూపోనూ 60. మొత్తం ఖర్చు 660, అంటే మిగిలింది 30 మాత్రమే. పైగా 5 సబ్బులు అరువిచ్చింది, ఆ 75 ఇంకా చేతికి రాలేదు. పెట్టింది 660 అయితే చేతిలో ఉన్నది 615. విడతవిడతకూ పెట్టుబడి ఎందుకు కరిగిపోతోందో అప్పుడు ఆమెకే తెలిసొస్తుంది. రెండు రోజుల రెక్కల కష్టానికి ఇంకా లెక్కే కట్టలేదు. ఈ లెక్క ఆమె సొంత సరుకుతో, ఆమె చేతే వేయించాలి. బోర్డు మీద మనం వేసి చూపిస్తే అందరూ తలలూపుతారు, ఇంటికెళ్లి మరిచిపోతారు.

ఆ తర్వాతి పాఠం రెండు సంచులు. వ్యాపారం డబ్బు ఒకదాంట్లో, ఇంటి డబ్బు ఇంకోదాంట్లో. ఇంటికి కావాల్సింది వారానికి ఇంతని జీతంలా తీసుకోవాలి, మధ్యలో మొదటి సంచి ముట్టుకోకూడదు. ఇది చిన్నపిల్లల పాఠంలా అనిపించవచ్చు. కానీ కరీబియన్ దేశమైన డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగిన ఒక అధ్యయనం 2014లో అచ్చయింది. పద్ధతి ప్రకారం అకౌంటింగ్ నేర్చుకున్నవారికన్నా, ఇలాంటి బండగుర్తులు నేర్చుకున్నవారే తమ వ్యాపారపు లెక్కలు మెరుగ్గా నడుపుకున్నారని అందులో తేలింది.

ఆఫ్రికా దేశమైన టోగోలో 1,500 చిరు వ్యాపారాలపై జరిగిన అధ్యయనం 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. మామూలు వ్యాపార శిక్షణ తీసుకున్నవారి లాభాల్లో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చొరవ చూపడం, ముందుచూపుతో అడుగేయడం, అడ్డంకి వచ్చినా వదలకపోవడం నేర్చుకున్నవారి లాభాలు మాత్రం 30 శాతం పెరిగాయి. అందుకని ప్రతి క్లాసు చివరా ఒక పని అప్పగించాలి: పక్క కొట్లో దొరకనిది, కొనేవాళ్లు అడుగుతున్నది ఒకటి కనిపెట్టి రండి. వచ్చే క్లాసు ఆ జవాబులతోనే మొదలుపెట్టాలి.

బాగా దెబ్బతీసే తప్పు ఇంకొకటి ఉంది. ఒకే ఊళ్లో ఇరవైమందికి సబ్బుల తయారీయే నేర్పడం. మూడు నెలల్లో అందరూ ఒకే సంతలో, ఒకే సరుకుతో, ధర తగ్గించుకుంటూ నిలబడతారు. ఏదైనా నేర్పే ముందు మూడు సంతరోజులు అక్కడే ఉండి, ఆ సరుకు ఎందరు అమ్ముతున్నారో, ఎన్ని అమ్ముడయ్యాయో లెక్కపెట్టించండి.

పెట్టుబడి లేదని ఎవరైనా వాపోతే జాలిపడి మన డబ్బు ఇవ్వకూడదు. ఇచ్చిన మరుక్షణం క్లాసుకు వచ్చేవాళ్లు పాఠం కోసం రారు. దీనికి ఆఫ్రికాలోని నైజర్‌లో 1991లో కేర్ అనే సహాయ సంస్థ మొదలుపెట్టిన పొదుపు సంఘాల పద్ధతి ఉంది. 15 నుంచి 25 మంది సభ్యులు, మూడు తాళాల పెట్టె, ఆ మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. అందరి ఎదుటే పెట్టె తెరుస్తారు, అందరి ఎదుటే అప్పులిస్తారు, ఏడాది తిరిగేసరికి వడ్డీతో సహా పంచుకుంటారు. ఇందులో బయటి డబ్బు కలిపితే తిరిగి కట్టాలన్న పట్టింపు సడలిపోతుంది. తోటివాళ్ల సొమ్మంటే ఉన్న బెరుకు, దూరాన ఉన్న దాత సొమ్ముమీద ఉండదు.

క్లాసుకు 15 మంది, గంటన్నర చాలు. సంతరోజున, నాట్లప్పుడు, కోతలప్పుడు పెట్టకండి. దుభాషి ఉంటే పాఠానికి రెట్టింపు సమయం పడుతుంది, కాబట్టి చెప్పదలచింది సగం చేసుకోండి. మొదటి రోజు నుంచే స్థానిక శిక్షకులొకరు పక్కన ఉండాలి, చివరి మూడో వంతు పాఠాలు వాళ్లే చెప్పాలి, మనం వెనక వరుసలో కూర్చోవాలి.

రెండు వారాల్లో ఇదేదీ కుదరదు. అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ తన వలంటీర్లను శిక్షణతో కలిపి 27 నెలలు ఉంచేది ఊరికే కాదు. డబ్బు కట్టించుకుని పంపే సంస్థలయితే ఆ డబ్బులో ఎంత ఆ ఊరికి చేరుతుందో రాతపూర్వకంగా అడగండి. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల కార్యక్రమం దరఖాస్తుకు రుసుము తీసుకోదు, దాని పేరు చెప్పి ఎవరైనా అడిగితే మోసమే. చాలా దేశాల్లో టూరిస్టు వీసాపై జీతం లేని పని కూడా చెల్లదు, ఆ సంగతి ఎంబసీలోనే తేల్చుకోండి. సంతకం చేసే ముందు పిలిచిన సంస్థను మూడు ప్రశ్నలు అడగాలి: మాకు ముందు ఈ పాఠాలు ఎవరు చెప్పారు? మా పక్కన పనిచేసేది ఎవరు? మేం వెళ్లిపోయాక క్లాసు ఎవరు నడుపుతారు? మూడో ప్రశ్నకు ఒక మనిషి పేరు రాకపోతే ప్రయాణం వాయిదా వేయండి.

ఇట్లు,
చిరు వ్యాపార శిక్షణలో పనిచేసేవారు