దగ్గు మందు, గ్లూకోజ్ బాటిల్, మెడల్

హనుమకొండ

అరే ఐలయ్యా,

మంచిగున్నవా? నువ్వు ఉరుకుడు నేర్పే పోరలు స్టేట్ మీట్‌కు పోతున్నరంటే మస్తు సంబురమైంది. కల్లెడ ఊరి దీప్తి 2024ల పారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చినంక మన దిక్కు ఉరికే పోరలకు ధైర్యం పెరిగింది. అందుకే ఒక ముచ్చట ముందే చెప్పాలె. డోపింగంటే, అదే ఆటల్ల నిషేధించిన మందులు వాడుడంటే, పెద్ద పెద్దోళ్ల లొల్లి అనుకుంటరు. మన ఊర్లల్ల అది ఆర్ఎంపీ సంచిలకెల్లి కూడ మొదలైతది.

నీరసమంటే చాలు, గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తరు గదా. 12 గంటల్ల 100 మిల్లీలీటర్లు దాటి నరంలకు ఏది ఎక్కించినా నిషేధమే, ఒట్టి సెలైన్ అయినా సరే. రక్తం, మూత్రం పల్చబడితే మందు వాడింది దాగిపోతదని ఆ రూలు పెట్టిన్రు. దవాఖానల చికిత్సకైతే మినహాయింపు ఉంటది, కాగితాలు మాత్రం భద్రంగ దాచు.

దగ్గు సిరప్ కొనేటప్పుడు లేబుల్ చదువు. ఊపిరి గొట్టాలను తెరిచే టెర్బ్యుటలిన్ అనే మందు ఉంటే పోటీ ఉన్నా లేకున్నా తప్పే. అసొంటిదే సాల్బ్యుటమాల్, దాన్ని కొలత లోపల పీల్చచ్చు, తాగద్దు. నొప్పి సూదిల డైక్లోఫెనాక్‌తోని ఇబ్బంది లేదు, దాంతోని కలిపి ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తోనే గండం, పోటీ కాలంల అది నిషేధం. పోటీ ముందు రాత్రి 11:59 నుంచే పోటీ కాలం లెక్క. పిర్రకేసిన డెక్సాకు అంతకు ముందు కనీసం 5 రోజులు ఎడం ఉండాలె. జిమ్ముల్ల అమ్మే పౌడర్లయితే ముట్టద్దు. డబ్బా మీద రాయని స్టెరాయిడ్ లోపల కలిసి ఉండచ్చు. తెల్వక తాగిన్నన్నా ఒంట్ల దొరికినదానికి బాధ్యత ఆటగాడిదే.

నాడా (డోపింగ్‌ను పట్టే జాతీయ సంస్థ) వాళ్లు మూత్రం టెస్టుకు పిలిస్తే పారిపోవద్దు, దానికే 4 ఏండ్ల నిషేధం పడచ్చు. చిన్న పోరడైతే నువ్వు ఎంబడి పో. మూత్రం పట్టే కప్పు, సీసాల కిట్టు ఆ పోరడే ఎంచుకోవాలె. 90 మిల్లీలీటర్లన్న కావాలె. బెదిరి నీళ్లు మీదికెల్లి మీద తాగితే మూత్రం పల్చగైతది, అది చెల్లదు, మళ్ల ఇచ్చేదాక కూసోవెడ్తరు. ఏ, బీ సీసాలల్ల వాడే పోసి మూత బిగించాలె. ఫారంల 7 రోజులల్ల వాడిన మందులన్ని రాయాలె. సీసాల మీది నంబర్లు, ఫారం మీది నంబర్లు ఒక్కటేనా చూసినంకనే సంతకం.

గిదంత ఎందుకంటవా? మన దేశపు రన్నర్ సునీతా రాణి 2002ల బుసాన్ ఆసియా క్రీడలల్ల గెలిచిన పతకాలు నాండ్రొలోన్ అనే స్టెరాయిడ్ పేరు మీద గుంజుకున్నరు. ల్యాబ్ లెక్కలల్ల తప్పులు తేలినంక తిరిగిచ్చిన్రు. ఆమె 1500 మీటర్ల రికార్డును 2021ల హర్మిలన్ బైన్స్ బద్దలు కొట్టింది మన నెహ్రూ స్టేడియంలనే. సాఫుగ ఉరికినోళ్లకు కూడ కాగితమే దిక్కు.

ఇంకోటి గట్టిగ చెప్త. ‘బలానికి’ అని గోలీ చేతుల పెట్టే కోచ్‌లను నేను సహించ. సారు ఇచ్చిండంటే పోరడు ఏందని అడగకుంట మింగుతడు. పోరలకు అసొంటిది ఇచ్చినోనికి జీవితకాల నిషేధం దాక పడ్తది, పడాలె కూడ.

మీట్‌కు వారం ముందు పోరలు వాడే మందుల లేబుళ్లు ఫోటోలు తీసి పంపు. ఒక్కొక్కటి చూసి చెప్త.

నీ దోస్తు