రిహార్సల్‌కి ముందు ఒకటి చూసి రండి

అందరికీ నమస్తే. ఆదివారం స్కిట్ రిహార్సల్‌కి వచ్చేలోపు వీలు చేసుకుని అమెరికన్ టీవీ కామెడీ షో ‘సాటర్‌డే నైట్ లైవ్’ మొట్టమొదటి ఎపిసోడ్ చూడండి. 1975 అక్టోబర్ 11న న్యూయార్క్‌లోని ఎన్‌బీసీ టీవీ ఛానల్ స్టూడియో 8హెచ్ నుంచి లైవ్‌గా వచ్చింది. హోస్ట్ కమెడియన్ జార్జ్ కార్లిన్. అప్పటికి షో పేరు ‘ఎన్‌బీసీస్ సాటర్‌డే నైట్’ మాత్రమే.

మొదటి స్కిట్ మనకి చాలా అవసరం. మైకేల్ ఓడొనహ్యూ ఇంగ్లీషు నేర్పే మాస్టారు, జాన్ బెలూషి శిష్యుడు. మాస్టారు ఏ వాక్యం అంటే అదే తిరిగి అప్పజెబుతుంటాడు. ఉన్నట్టుండి మాస్టారు గుండె పట్టుకుని కింద పడిపోతాడు. ఇదీ పాఠమే అనుకుని బెలూషి కూడా గుండె పట్టుకుని దబ్బున పడతాడు! అప్పుడు హెడ్‌సెట్ పెట్టుకున్న చెవీ చేజ్ లోపలికొచ్చి, కెమెరా వైపు తిరిగి నవ్వుతూ ‘లైవ్ ఫ్రమ్ న్యూయార్క్’ అంటూ షో మొదలుపెడతాడు.

బెలూషి ముఖం గమనించండి. నవ్వించాలన్న తాపత్రయం ఎక్కడా కనపడదు, శ్రద్ధగా పాఠం వింటున్నట్టే ఉంటాడు. మన స్కిట్‌లో డాక్టర్, కాంపౌండర్ వేసేవాళ్లకి కావాల్సింది అదే. అదే ఎపిసోడ్‌లో కమెడియన్ ఆండీ కాఫ్‌మన్ ఐటమ్ కూడా వదలొద్దు, నాకు ప్రాణం అది.

చూసినవాళ్లు ఇక్కడే చెప్పండి, రాత్రికి మాట్లాడుకుందాం.