మా అబ్బాయి కన్ను నిలిపిన వారందరికీ కృతజ్ఞతలు

మా అబ్బాయి ఎడమ కంటిలో ఎయిర్ గన్ పెల్లెట్ (గాలి తుపాకి పేల్చే చిన్న గుండు) దిగిన రోజు మొదలు, వాడు తిరిగి బడికి వెళ్లడం ప్రారంభించిన ఈ వారం దాకా మాకు అండగా నిలిచిన ప్రతి ఒక్కరికీ నేనూ నా భార్యా చేతులెత్తి నమస్కరిస్తున్నాం. జగిత్యాల జిల్లాలోని మా ఊరివారే కాక, మా ముఖమైనా ఎరుగని వారు కూడా ఎందరో సాయపడ్డారు. పేరుపేరునా చెప్పుకోవాలని ఉన్నా, ఒక్కరి పేరు రాసినా ఆ తుపాకి పేల్చిన పిల్లవాడు ఎవరో పదిమందికీ తెలిసిపోతుంది కనుక ఎవరి పేరూ రాయడం లేదు. మన్నించగలరు.

మా వైపు కోతుల బెడద తెలియనివారు లేరు. మక్క చేనుకూ ఇంటి పెంకులకూ వాటి నుంచి రక్షణ కోసం చాలామంది ఎయిర్ గన్ కొని ఇంట్లో పెట్టుకున్నారు. మా పక్కింట్లోనూ ఒకటి గోడకు ఆనించి ఉండేది. పెద్దలు పొలానికి వెళ్లిన వేళ, పదమూడేళ్ల వారి అబ్బాయి చింతచెట్టు మీది కోతిని బెదిరించబోయి ఆ తుపాకిని పేల్చగా, చెట్టుకు అవతల మా వాకిట్లో ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల మా వాడికి తగిలింది.

మొదటి నమస్కారం మా ఊరి ఆర్ఎంపీ గారికి చెందాలి. నీళ్లతో కన్ను కడగబోతున్న మమ్మల్ని ఆయన గట్టిగా వారించారు. కంట్లోకి గుచ్చుకుపోయిన దానిని పీకకూడదనీ, కంటిని నలపడం, ఒత్తడం, దూదితో అదిమి కట్టు కట్టడం వంటివేవీ చేయకూడదనీ చెప్పి, ఒక కాగితపు టీ కప్పును కన్నుకు ఎక్కడా తగలకుండా చుట్టూ ఎముక మీద ఆనేలా బోర్లించి, అంచుల వెంట ప్లాస్టర్ అంటించారు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయవలసి రావచ్చు కాబట్టి దారిలో మంచినీళ్లు కూడా పట్టవద్దన్నారు. తనకు చేతకాని వైద్యం జోలికి పోకుండా, చేయవలసిన ఆ కాస్త పనినీ సరిగ్గా చేసి పంపడమే మా వాడికి జరిగిన అతి పెద్ద మేలని ఆ తరువాత కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నారు. గుంతల రోడ్డు మీద ఒక్క కుదుపు లేకుండా మమ్మల్ని తీసుకువెళ్లి, కిరాయి మాట ఎత్తనివ్వని ఆటో అన్నకు కూడా మేము రుణపడి ఉన్నాం.

ఆ డాక్టరమ్మ, ఆమె బృందం అదే రాత్రి పెల్లెట్ తీసి, చిరిగిన తెల్లగుడ్డును కుట్టారు. దెబ్బతిన్న కటకాన్ని తరువాత మరో ఆపరేషన్‌లో తొలగించారు. ఇప్పుడు వాడికి ఆ కంటితో మనిషి పోలిక తెలుస్తోంది, పెద్ద అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇలాంటి గాయం తరువాత కంటిలో ఒత్తిడి పెరగడం, రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఊడిపోవడం ఏళ్ల తరువాతైనా జరగవచ్చనీ, అరుదుగా రెండో కంటికి కూడా ముప్పు రావచ్చనీ, కాబట్టి పరీక్షలు మానకూడదనీ ఆమె మాకు ఓపికగా, బొమ్మ గీసి మరీ చెప్పారు. ఒకటి మాత్రం ఇక్కడ రాయాలి. అర గ్రాము బరువుండే సీసపు పెల్లెట్ 20 జౌళ్ల (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) శక్తితో బయలుదేరితే సెకనుకు దాదాపు 280 మీటర్ల వేగం అందుకుంటుంది, అంటే గంటకు వెయ్యి కిలోమీటర్లు. దీనిని బొమ్మ తుపాకి అని పిలవడం ఇకనైనా మానుదాం.

వార్త తెలిసిన రాత్రి మా బంధువులు కొందరు పక్కింటి మీదికి వెళ్లబోతే ఆపిన మా పెద్ద బావగారికీ, మరునాడు మామూలు దుస్తుల్లో వచ్చి ఆ పిల్లవాడితో వాడి తల్లి సమక్షంలోనే మాట్లాడిన ఎస్సై గారికీ ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెబుతున్నాం. పద్దెనిమిదేళ్లు నిండని వారిని స్టేషన్ లాకప్‌లో ఉంచకూడదనీ, బేడీలు వేయకూడదనీ బాల నేరస్థుల విషయంలో చట్టం స్పష్టంగా చెబుతోంది. చట్టం చిన్న నేరాలుగా లెక్కించే ఇలాంటి వాటిలో పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. స్టేషన్‌లోని జనరల్ డైరీలో నమోదు చేసి, పిల్లవాడి కుటుంబ పరిస్థితుల మీద నివేదికను పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. ఎస్సై గారు ఈ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించారు. ఆ సమయంలో మాకు అది అన్యాయంగా తోచిన మాట నిజమే కానీ, ఇప్పుడు ఆయన చేసినదే సరైనదని నమ్ముతున్నాం.

ఇక జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నియమించిన న్యాయవాది గారి గురించి. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ కింద ఉందన్న సంగతి మాకు తెలియదు. 15100 నంబరుకు ఫోన్ చేయమని సలహా ఇచ్చింది మా మండలంలో న్యాయ సహాయం అందేలా దారి చూపే పారా లీగల్ వాలంటీర్ చెల్లెమ్మ. ఆమెకు మా దీవెనలు.

న్యాయవాది గారు మా కోపాన్ని తప్పుపట్టలేదు, కానీ అది ఎవరి మీద ఉండాలో నిదానంగా ఆలోచించేలా చేశారు. పేల్చిన పిల్లవాడి సంగతి బోర్డు చూస్తుంది. ఆ తుపాకిని పిల్లవాడి చేతికి అందేలా పెట్టింది ఎవరన్నది వేరే ప్రశ్న. 2016 ఆయుధ నియమాల ప్రకారం, 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌ను దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. లైసెన్సు అక్కరలేదు కాబట్టి బాధ్యత కూడా అక్కరలేదని చాలామంది అనుకుంటున్నారని, చిక్కంతా అక్కడే ఉందని ఆయన అన్నారు. నిర్లక్ష్యంతో ఎదుటివారికి తీవ్ర గాయం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడమే కాక, పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడడం కూడా ఆ చట్టం దృష్టిలో తీవ్ర గాయమే.

నష్టపరిహారం విషయంలో ఆయన చెప్పిన రెండు పాత ఇంగ్లాండు తీర్పులు నా మనసులో నాటుకుపోయాయి. మన కోర్టులు కూడా ఇలాంటి తీర్పులను మార్గదర్శకంగా చూస్తాయట. 1916 నాటి బీబీ వర్సెస్ సేల్స్ కేసులో ఒక తండ్రి పదిహేనేళ్ల కొడుకుకు ఎయిర్ గన్ ఇచ్చి, దానితో నష్టం జరిగిందని ఫిర్యాదు వచ్చిన తరువాత కూడా వాడి దగ్గరే ఉండనిచ్చాడు. మరో పిల్లవాడు గాయపడగా, పరిహారం చెల్లించవలసింది తండ్రేనని తీర్పు వచ్చింది. 1952 నాటి డొనాల్డ్‌సన్ వర్సెస్ మెక్‌నివెన్ కేసులో మాత్రం, ఇంటి బయట పేల్చకూడదని తండ్రి ముందే కట్టడి చేశాడు, కొడుకు మాట ఇచ్చి తప్పాడు. అక్కడ తండ్రిది నిర్లక్ష్యం కాదన్నారు. కన్నందుకు తండ్రి మీద బాధ్యత పడదు, తాను జాగ్రత్త తీసుకోనందుకు పడుతుంది. ఈ తేడా అర్థమయ్యాక పక్కింటివారితో ఏం మాట్లాడాలో మాకు తెలిసింది.

వారికి కూడా ఈ సందర్భంలో కృతజ్ఞతలు చెప్పకపోతే ధర్మం కాదు. న్యాయవాది గారి సమక్షంలో ఆ పిల్లవాడి తండ్రి, తుపాకిని అందుబాటులో ఉంచింది తానేనని, పిల్లవాడి మీదికి నెట్టకుండా ఒప్పుకున్నారు. లోక్ అదాలత్‌లో చికిత్స ఖర్చుల మీద రాజీ కుదిరింది. దానికి సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంటుంది. ముందు ముందు అవసరమయ్యే ఆపరేషన్ల కోసం కొంత సొమ్మును మా అబ్బాయి పేర బ్యాంకులో జమ చేశారు. మిగిలిన విషయాలు ఇంకా అధికారుల పరిశీలనలో ఉన్నందున వాటి గురించి రాయడం పద్ధతి కాదు.

ఒక మాట మాత్రం ప్రజాప్రతినిధులకు విన్నవించుకుంటున్నాను. మైనరు బండి నడిపి ఆ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడిని లేదా బండి యజమానిని బాధ్యుడిగా భావించాలని 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ చేర్చారు. మూడేళ్ల వరకు జైలు, పాతిక వేల జరిమానా పెట్టారు. ఎయిర్ గన్ విషయంలో అంత స్పష్టమైన మాట మన దగ్గర లేదు. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ల లోపు వారి చేతికి అది చిక్కకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరమని 2010లో చట్టం చేసి, మరుసటి ఏడాది అమలులోకి తెచ్చారు. గ్లాస్గోలో 2005లో రెండేళ్ల పసివాడు ఎయిర్ గన్ దెబ్బకు చనిపోయిన తరువాత పెరిగిన ఆందోళన ఫలితంగా, స్కాట్లాండు 2016 చివరి నుంచి ఏకంగా లైసెన్సే తప్పనిసరి చేసింది. కోతులతో వేగుతున్న రైతు దగ్గర నుంచి తుపాకి లాక్కోమని నేను అనడం లేదు. తాళం వేసిన పెట్టెలో తుపాకి, మరో చోట పెల్లెట్లు ఉంచడం యజమాని విధి అని చట్టంలో ఒక్క వాక్యం రాస్తే చాలు.

మా పంచాయతీ ఆ వాక్యం కోసం ఎదురుచూడలేదు. ఎయిర్ గన్ ఉన్న ఇళ్లకు వెళ్లి తాళం వేయించిన వార్డు సభ్యులకు, రెండు కుటుంబాల పిల్లలూ ఒకే బడిలో చదువుతున్నందున ఎవరినీ ఎవరూ వేలెత్తి చూపకుండా కాచిన ప్రధానోపాధ్యాయురాలికి, ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఫొటోలను వెంటనే తీయించిన తమ్ముళ్లకు ధన్యవాదాలు. గాయపడిన పిల్లవాడి వివరాలైనా, ఆరోపణ ఉన్న పిల్లవాడి వివరాలైనా బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం కనుక, ఇంకా ఎవరి ఫోన్లలోనైనా ఆ ఫొటోలు ఉంటే తొలగించవలసిందిగా కోరుతున్నాను.

దుబాయి, మస్కట్‌లలో కష్టపడుతూ కూడా తమ జీతంలోంచి పంపిన మా ఊరి అన్నదమ్ములకు, నా తోటి ఉద్యోగులకు మా కుటుంబం జీవితాంతం రుణపడి ఉంటుంది. చికిత్సకు కావలసిన సొమ్ము సమకూరింది కాబట్టి దయచేసి ఇక ఎవరూ పంపవద్దు. వచ్చిన మొత్తం, ఆసుపత్రి రశీదులు, మిగిలిన నిల్వ లెక్క పంచాయతీ కార్యాలయంలో ఉంచాం. దాతలు ఎవరైనా, ఎప్పుడైనా చూసుకోవచ్చు.