దయ్యాలూ నవ్విస్తాయి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పేజీలో మహనీయుల జీవిత పాఠాలు వేస్తున్నారు, బాగున్నాయి. కాకపోతే అన్నీ కష్టపడు, ఓర్చుకో, పొద్దున్నే లేవు అనేవే! భయాన్ని నవ్వేసి వదిలించుకోవడం కూడా పెద్దలు నేర్పిన విద్యే కదా.

మన ఉత్తరాంధ్ర గురజాడనే తీసుకోండి. ‘కన్యాశుల్కం’లో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బంధించానని చేసే హడావిడి చదివాక, మా మనవడికి దయ్యాల మీద భయం పోయి జాలి పుట్టింది. భూతవైద్యుల గుట్టు విప్పడానికి అంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఇక డాక్టర్ అబ్రహాం కోవూర్. కేరళలో పుట్టి సిలోన్‌లో వృక్షశాస్త్రం బోధించిన ఈయన, అతీంద్రియ శక్తులు రుజువు చేస్తే లక్ష రూపాయలు ఇస్తానని 1963లో సవాలు విసిరారు. 1978లో పోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెలవలేదు. దయ్యాలకు డబ్బు అక్కర్లేదేమో!

భీమిలి డచ్చి సమాధుల దగ్గర భయపెట్టే రీల్స్ తీసే కుర్రాళ్లు ఇవి చదివితే బాగుంటుంది. ఆదివారం సంచికలో ఇలాంటి వాటికి కాస్త చోటివ్వండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం