302 అంటే ఇప్పుడు 103

రాజమండ్రి,
ఆదివారం

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. “ఏ కోర్సులో చేరినా మధ్యలో రూల్స్ మార్చేస్తున్నారు కదమ్మా, బీఈడీ అయితేనేం, లా అయితేనేం” అన్నావు. నీకు పొద్దున్నే పరీక్ష ఉందన్నావు కాబట్టి అప్పుడేమీ అనలేదు. రెండు ముక్కల్లో తేలే విషయం కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. హాస్టల్లో భోజనం అయ్యాక తీరిగ్గా చదువు.

నా బల్ల మీద ఉండే ఎర్ర అట్ట ఐపీసీ పుస్తకం, అదే భారత శిక్షాస్మృతి, గుర్తుంది కదా. ఎల్‌కేజీలో ఉన్నప్పుడు దాని వెనక పేజీలో పెన్సిల్‌తో పిల్లిబొమ్మ వేశావు. ఆ పుస్తకంతోనే ఇరవై రెండేళ్లు పాఠం చెప్పాను. మూడుసార్లు బైండింగ్ చేయించాను. అంచుల నిండా తీర్పుల పేర్లు, పిల్లలు ఎక్కడ తడబడతారో ఆ గుర్తులు, ఏ ఏడాది ఏ ప్రశ్న వచ్చిందో ఆ లెక్కలు. 2024 జూలై 1న ఆ చట్టం పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 511 సెక్షన్లు ఉంటే దీంట్లో 358. దాంతోపాటే కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ పోయి 531 సెక్షన్లతో నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్టు పోయి 170 సెక్షన్లతో సాక్ష్య అధినియం వచ్చాయి. నేను చెప్పే సబ్జెక్టులు మూడూ ఒకే రోజున మారిపోయాయి.

నీకప్పుడు చెప్పలేదు గానీ, ఆ వేసవంతా నాకు చాలా భయంగా ఉండేది. సెక్షన్ నంబర్లు నాకు ఎక్కాల్లా నోటికి వచ్చు. 302 అంటే హత్య. ఇప్పుడు హత్యకు శిక్ష 103లో ఉంది. 302 అనే నంబరు కొత్త చట్టంలోనూ ఉంది, కానీ అది ఎదుటివాళ్ల మత విశ్వాసాన్ని కావాలని నొప్పించేలా మాట్లాడటం గురించి. 144 సెక్షన్ పెట్టారంటే నలుగురు గుమిగూడకూడదని పల్లెటూళ్లో ముసలమ్మకు కూడా తెలుసు. సీఆర్‌పీసీలోని ఆ సెక్షన్ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 163. కొత్త 144లో ఉన్నది భార్యకూ, పిల్లలకూ, తల్లిదండ్రులకూ ఇవ్వాల్సిన మనోవర్తి సంగతి. బొత్తిగా తెలియనివాళ్లకు ఈ బాధ లేదు, చక్కగా కొత్తది నేర్చుకుంటారు. తెలిసినవాళ్లకే తిప్పలు.

పాతవీ కొత్తవీ ఎదురెదురుగా రాసిన కాగితం ఒకటి వంటింట్లో పొయ్యి పక్కన గోడకు అతికించాను. పొద్దున నేను దోసెలు పోస్తుంటే నాన్న బల్ల దగ్గర కూర్చుని అడిగేవారు. “భార్యను వేధించే 498ఏ?” “85.” “హత్యాయత్నం 307?” “109.” “వరకట్న మరణం?” “304బీ పోయింది, 80.” తప్పు చెబితే ఏమీ అనకుండా కాసేపాగి మళ్లీ అదే అడిగేవారు. నూనె చుక్కలు పడి ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది, వచ్చినప్పుడు చూద్దువుగాని.

మొదటి క్లాసు రోజు సంగతి చెప్పాలి. కొత్త చట్టాలను 2024-25 నుంచి సిలబస్‌లో పెట్టమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లా కాలేజీలన్నిటికీ చెప్పింది కాబట్టి ఇక వాయిదా వేసే వీలు లేదు. పాఠం మొదలుపెట్టి పది నిమిషాలైనా కాలేదు, వెనక బెంచీలో ఒకబ్బాయి లేచి, “మేడమ్, మోసం చేసేవాణ్ణి మా ఊళ్లో ఫోర్ ట్వంటీ అంటారు. ఇప్పుడేమనాలి?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. “318, సబ్‌సెక్షన్ 4” అన్నాను. కొత్త చట్టం 358తోనే అయిపోతుంది, 420 అనే నంబరే లేదు. ఆ పిల్లాడు కూర్చోలేదు. “2019లో మా తాతయ్య పొలం విషయంలో పెట్టిన కేసు 420 కిందే నడుస్తోంది మేడమ్. అది కొట్టుకుపోతుందా?” అని అడిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పోదు నాన్నా అని చెప్పాను. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది, ఆ మాట కొత్త చట్టం చివరి సెక్షన్‌లోనే రాసి ఉంది. మన కోర్టుల్లో కేసులు ఎన్నేళ్లు నడుస్తాయో నీకు తెలుసు. అంటే ఈ పిల్లలు నల్లకోటు వేసుకున్నాక కూడా చాలా ఏళ్లపాటు రెండు చట్టాలూ చేతిలో పెట్టుకుని తిరగాలి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఎర్ర పుస్తకాన్నీ కొత్త పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. చాలాచోట్ల నంబరు మారిందే గానీ మాట మారలేదు. హత్య అంటే ఏమిటో చెప్పే వాక్యాలు దాదాపు అవే. కొత్తవి ఏవో అవి విడిగా రాసుకున్నాను. గొలుసు లాక్కుపోవడానికి విడిగా 304, మూకదాడిలో చంపితే 103(2), చిన్న నేరాలకు జైలు బదులు సమాజ సేవ. నాగరిక్ సురక్షా సంహితలో అయితే, ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలన్నది ఇంకొకటి. నెల తిరిగేసరికి భయం పోయింది. కుతూహలం వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదువుకునే పిల్లలా అనిపించింది నాకు.

ఇక నీ బీఈడీ మాట. రూల్స్ మారాయని నువ్వు అన్నప్పుడు నీ మనసులో ఉన్నది అక్క అని నాకు తెలుసు. పెద్దమ్మ ఎంత కష్టపడి ఫీజు కట్టిందో అందరం చూశాం. బీఈడీ చేసినవాళ్లు ఐదో తరగతి దాకా చెప్పే పోస్టులకు కూడా అర్హులేనని, చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే సరిపోతుందని టీచర్ల చదువులకు రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2018లో చెప్పింది. అది నమ్ముకునే అక్క ఎస్జీటీకి, అంటే ఆ చిన్న తరగతుల టీచరు పోస్టుకు, చదివింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ వారమే అక్క పుస్తకాల సంచీతో మనింటికి వచ్చింది. పిల్ల అన్నం తినలేదు. రాత్రి పదకొండింటిదాకా ఇద్దరం కూర్చుని ఆ తీర్పు మొత్తం చదివాం.

తీర్పులో చెప్పిన కారణం సబబైనదే. ఆరేళ్ల పిల్లకు అక్షరం నేర్పడం వేరు, పదో తరగతికి లెక్కలు చెప్పడం వేరు. ఆ పసిపిల్లల చదువుకు డీఎడ్ అనే డిప్లొమాలో శిక్షణ ఉంది, బీఈడీలో లేదు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ 2018లో తలుపు తీసి 2023లో మూసేస్తే, ఆ ఐదేళ్లలో లోపలికి వచ్చిన పిల్లల గోడు ఎవరు వినాలి? ఈ కోపం నాకు ఇంకా తీరలేదు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు అక్క హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు మాత్రమే అప్లై చేయగలిగింది. ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతూ మళ్లీ చదువుతోంది. బీఈడీ దండగ అని మాత్రం ఆమె ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు స్వయంగా అడిగి చూడు.

నువ్వు బీఈడీలో చేరితే రెండేళ్లు. 2015కు ముందు ఏడాదే ఉండేది. నాలుగేళ్ల ఆనర్స్ పూర్తి చేసినవాళ్లకు ఏడాది బీఈడీ పెడతామని ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా విడుదల చేసింది. మీ బ్యాచ్‌కు నాలుగో ఏడాది ఉంది కాబట్టి మీ స్నేహితులంతా దాని గురించే మాట్లాడుకుంటున్నారన్నావు. అమ్మలు, ముసాయిదా అంటే రూల్ కాదు. తుది నోటిఫికేషన్ నీ కళ్లతో చదివేదాకా దాన్ని నమ్ముకుని నాలుగో ఏడాదిలో చేరవద్దు. లెక్కల మీద ఇష్టంతో చేరతానంటే అది వేరే మాట, సంతోషంగా చేరు.

మా క్యాంపస్‌లో మిగతావాళ్లదీ ఇదే పరిస్థితి. బీబీఏ, బీసీఏలు 2024-25 నుంచి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కిందికి వచ్చాయి. ల్యాబ్‌లో కంప్యూటర్ల లెక్క దగ్గర్నుంచి ప్రతిదీ ఆన్‌లైన్‌లో నింపడానికి ఆ డిపార్ట్‌మెంట్ మేడమ్ ఎన్ని రాత్రులు కాలేజీలో ఉండిపోయారో నాకు తెలుసు. నర్సింగ్‌లో 2021 సిలబస్‌తో సంవత్సరం పరీక్షలు పోయి ఎనిమిది సెమిస్టర్లు వచ్చాయి. మొన్న వాళ్ల స్కిల్ ల్యాబ్‌కు వెళ్లాను. పద్దెనిమిదేళ్ల పిల్ల, బొమ్మ చేతికి సెలైన్ సూది పెట్టే ముందు, “కొంచెం నొప్పిగా ఉంటుందండీ, గట్టిగా ఊపిరి తీసుకోండి” అని ఆ బొమ్మతో చెబుతోంది. టీచర్ చెప్పమనలేదట, తనకే అలా అలవాటైందట. అక్కడే కాసేపు నిలబడిపోయాను.

లా సంగతి చెప్పలేదని నువ్వు అనుకోకుండా అదీ చెబుతాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి నేరుగా జడ్జి పరీక్ష రాస్తానన్నావు పోయిన దసరాకు. అది కుదరదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న చెప్పింది. అంటే చదువు మూడు, కోర్టులో మూడు, మొత్తం ఆరేళ్ల లెక్క. మొదటి రెండేళ్లు సీనియర్ దగ్గర ఫైళ్లు మోయడమే ఉంటుంది, చేతిలో డబ్బు ఆడదు. ఆ రోజుల్లో ఇంటి ఖర్చు గురించి నువ్వు ఆలోచించనక్కర్లేదు, నేనూ నాన్నా ఉన్నాం. ఒక మంచి మార్పు కూడా ఉంది. అడ్వొకేట్‌గా పేరు నమోదు చేసుకోవడానికి రాష్ట్రాల్లో వేలకు వేలు తీసుకునేవారు. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీ పిల్లల దగ్గర 125కు మించి ఆ ఫీజు తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పు చేసి ఆ డబ్బు కట్టిన పిల్లలు నాకు చాలామంది తెలుసు, అందుకే ఆ తీర్పు రోజు స్టాఫ్ రూమ్‌లో అందరికీ టీ చెప్పాను.

ఇవన్నీ ఎందుకు రాశానంటే, మారని కోర్సు ఎక్కడుందా అని నువ్వు వెతుకుతున్నట్టు అనిపించింది. అలాంటిది మా క్యాంపస్‌లో నాకు కనిపించలేదు. నలభై ఆరేళ్ల వయసులో పొయ్యి దగ్గర నిలబడి నేను మళ్లీ సెక్షన్లు వల్లె వేశాను. నాకు ఈ పని అంటే ప్రాణం కాబట్టి వేయగలిగాను. నువ్వు దేనికోసం అలా నిలబడగలవో నాకు తెలియదు, నాన్నకూ తెలియదు. నేను లా చెబుతున్నాను కదా అని నువ్వు లా చదవాలని నాకు లేదు. ఆ మాట ఇంతకుముందే చెప్పాల్సింది.

సంక్రాంతి సెలవులకు రెండు రోజులు ముందే రా. ఒక రోజు నా క్లాసులో కూర్చో. ఇంకో రోజు అక్కతో వాళ్ల స్కూలుకు వెళ్లు, ప్రిన్సిపాల్‌ను అడిగి ఉంచానంది, తొమ్మిదో తరగతికి ఒక పీరియడ్ నువ్వే చెప్పు. నోటిఫికేషన్లు రాగానే ఎడ్‌సెట్, లాసెట్ ప్రవేశ పరీక్షలు రెండిటికీ అప్లై చేద్దాం, అర్హతల పేజీ మాత్రం వాట్సాప్‌లో వచ్చింది కాకుండా అసలుది నువ్వే చదవాలి. వచ్చేటప్పుడు టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ తెచ్చుకో.

సున్నుండలు పక్కింటి వాళ్లబ్బాయితో పంపుతున్నాను, మంగళవారానికి వైజాగ్ చేరతాడు. ఎర్ర అట్ట పుస్తకం నాలుగోసారి బైండింగ్‌కు ఇచ్చాను. చివరి పేజీ ఊడిపోతోంది, కత్తిరించేస్తానన్నాడు అతను. వద్దు బాబూ, దాని మీద పిల్లిబొమ్మ ఉంది, అది పోకుండా కుట్టమని చెప్పి వచ్చాను.

అమ్మ